దుప్పి కూర తింటే రక్తం పడుతుందా?

ప్రశ్న: మాది దేవరకొండ దగ్గర పల్లె. నా భార్యకు ఐదో నెల. పోయిన వారం దవాఖానలో పరీక్ష చేసి రక్తం (హిమోగ్లోబిన్) 8.6 ఉందన్నారు. ఐరన్ మాత్రలు ఇచ్చారు. వేసుకుంటే కడుపులో తిప్పుతోందని, దొడ్డికి నల్లగా వస్తోందని నాలుగు రోజులకే మానేసింది. 'నువ్వు కడుపుల ఉన్నప్పుడు మీ తాత దుప్పి కూర తెచ్చిపెట్టిండు, నాకు ఏ గోలీ అక్కర రాలేదు' అంటోంది మా అమ్మ. ఫోన్‌లో వెతికితే అడవి జంతువుల మాంసంలో ఐరన్, జింక్, సెలీనియం ఎక్కువ ఉంటాయని పట్టికలు కనిపించాయి. మా దగ్గర ఒకతను అప్పుడప్పుడు దుప్పి కూర, అడవిపంది కూర గుట్టుగా అమ్ముతాడు. పందులు ఎలాగూ మా పల్లి చేను నాశనం చేస్తున్నాయి. రెండు మూడుసార్లు తెచ్చి పెడితే తప్పా? మీరు పశువుల డాక్టరుగా చేశారు కాబట్టి మాంసం సంగతి బాగా తెలుస్తుందని రాస్తున్నా.

జవాబు: తమ్ముడూ, నేను ముప్పై ఏళ్లు బర్రెలకూ గొర్రెలకూ సూదులు వేసినవాణ్ణి. మీ భార్య వైద్యం విషయంలో ఆమెను చూస్తున్న డాక్టరమ్మ మాటే చివరి మాట. కానీ మీరడిగింది మాంసంలో ఏముంటుందని. అది నాకు తెలిసిన పనే కాబట్టి సూటిగా చెప్తున్నా, ఆ కూర తేవద్దు. అలాగని మీ అమ్మగారి మాట పూర్తిగా తప్పూ కాదు. అందులో నిజమెంతో ముందు చెప్పకుండా వద్దంటే మీరు వినరని నాకు తెలుసు.

కోడిని కోసినప్పుడు చూసే ఉంటారు. రొమ్ము మాంసం తెల్లగా ఉంటుంది, తొడ మాంసం ఎర్రగా ఉంటుంది. కోడి ఎగరదు, నడుస్తుంది. పని చేసే కండకు ఆక్సిజన్ కావాలి, దాన్ని దాచుకోవడానికి మయోగ్లోబిన్ అనే ఎర్రటి పదార్థం కండలో ఉంటుంది, దాని నడుమ ఐరన్ ఉంటుంది. పరుగెత్తే జంతువు కండలో అది ఎక్కువ. అడవి చెవులపిల్లి మాంసంలో 100 గ్రాములకు 3.2 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటే, బోనులో పెంచిన కుందేలులో 1.6 ఉంటుందని అమెరికా వ్యవసాయ శాఖ పట్టికల్లో ఉంది. జాతులు కొంచెం వేరైనా, తేడాకు పెద్ద కారణం పరుగే. కాబట్టి అడవి మాంసానికి బలం ఎక్కువన్న మాట గాల్లోంచి పుట్టలేదు.

మీరు ఫోన్‌లో చూసిన పట్టికలు చాలావరకు అక్కడివే. వాటిని చివరిదాకా చదివారా అన్నది నా అనుమానం. దుప్పి జాతి మాంసంలో ఐరన్ 3.4 మిల్లీగ్రాములు. అది అమెరికా జింక, మన నల్లమల దుప్పి కాదు, సరే అనుకుందాం. మేక మాంసంలో 2.8. తేడా అర మిల్లీగ్రాము చిల్లర. జింక్ దగ్గరికి వచ్చేసరికి లెక్క తిరగబడుతుంది. మేకలో 4, దుప్పిలో 2.1. రాగి రెండింటిలోనూ దాదాపు సమానం, సెలీనియం కూడా అంతే. ఇక అడవిపంది సంగతి చూస్తే, వండిన మాంసంలో ఐరన్ 1.1 మాత్రమే, మామూలు పంది మాంసానికి దగ్గర్లోనే. అంటే మీ పల్లికాయలు తవ్వుకుని తిన్న పంది, రక్తం విషయంలో మీకు తిరిగి ఇచ్చేదేమీ లేదు.

గుట్టుగా కొనే కూరకూ, అంగట్లో అందరి ముందు కొనే మేక కూరకూ ఉన్న తేడా ఇంతే.

అయితే అడవి కూర నల్లగా ఉంటుంది కదా, ఆ నలుపంతా బలం కాదా అని మా ఊళ్లోనూ అడుగుతారు. ఆ నలుపులో కొంత మయోగ్లోబిన్, ఒప్పుకుంటా. మిగతాది వేరే కథ. కసాయి గొంతు కోసినప్పుడు గుండె ఇంకా కొట్టుకుంటుంది కాబట్టి రక్తం చాలావరకు బయటికి పోతుంది. ఉచ్చులో పడి గంటల తరబడి తన్నుకుని చచ్చిన జంతువులో, కరెంటు తీగ తగిలి పడిపోయిన జంతువులో రక్తం కండలోనే ఉండిపోతుంది. పైగా బెదిరి, తన్నుకుని అలిసిపోయిన జంతువు కండల్లో నిల్వ ఉన్న చక్కెర పదార్థం అయిపోతుంది. మామూలుగా కోసిన తర్వాత అదే మారి మాంసంలో కొద్దిపాటి పులుపు తెస్తుంది, ఆ పులుపే మాంసాన్ని కొన్ని గంటలు కాపాడుతుంది. అది లేని మాంసం నల్లగా, జిగటగా ఉంటుంది, తొందరగా చెడుతుంది. కబేళాలో అలాంటి మాంసం కనబడితే మేం పక్కన పెట్టించేవాళ్లం. దాన్నే ఊళ్లో 'మంచి రంగు' అంటారు.

ఇప్పుడు ఖనిజాల సంగతి. ఏ జంతువూ ఐరన్‌నో రాగినో తనంతట తాను తయారు చేసుకోలేదు. మట్టిలో ఉన్నది గడ్డిలోకి వస్తుంది, గడ్డిలో ఉన్నది జంతువులోకి వస్తుంది. ఐరన్, జింక్ లాంటివాటిని ఒళ్లు తనకు కావాల్సినంతలోనే ఉంచుకోవాలని చూస్తుంది కాబట్టి అవి అడవి మారినా మరీ మారవు. సెలీనియం, అయోడిన్ లాంటివి మాత్రం మట్టిని బట్టి పోతాయి. ఒక దేశం పట్టికలో ఉన్న అంకె ఇంకో దేశం అడవికి పనికిరాకపోవడానికి అదే కారణం.

మట్టి ఏం చేయగలదో మన నల్గొండోళ్లకు ఇంకొకరు చెప్పాలా? కొలువులో చేరిన కొత్తలో నన్ను మర్రిగూడ వైపు వేశారు. ఆరేడేళ్ల బర్రె నోరు తెరిస్తే పళ్లు గోధుమరంగు చారలతో, సగానికి అరిగిపోయి ఉండేవి. మేత నమలలేక ఎండిపోయేవి, కొన్ని కాళ్లు ఈడ్చేవి. రైతు ముసలిది అమ్మిండ్రని బేరగాణ్ణి తిట్టేవాడు. బేరగాడి తప్పేం లేదు, బోరు నీళ్లలో ఫ్లోరైడ్ ఉంది. ఒంట్లోకి వెళ్లిన ఫ్లోరైడ్‌లో నిలిచిపోయేదంతా దాదాపు బొక్కల్లోకీ పళ్లల్లోకీ చేరుతుంది, కండలో ఉండేది చాలా తక్కువ. అదే నీళ్లు తాగిన మనుషుల గతి ఏమైందో మీరు చూస్తూ పెరిగారు.

దానికి తోడు ఇంకో సంగతి చాలామందికి తెలియదు. 1970లలో తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు మన జిల్లాలో పిల్లలకు మోకాళ్లు లోపలికి వంగిపోవడం మీద పరిశోధన చేశారు. ఫ్లోరైడ్ ఒక్కటే కాదు, ఇక్కడి చౌడు నేలల్లో పండిన జొన్నల్లో మాలిబ్డినం అనే ఖనిజం ఎక్కువ ఉందని, అది ఒంట్లోని రాగిని మూత్రంలో బయటికి పంపేస్తోందని వాళ్లు అనుమానించారు. పశువుల డాక్టర్లకు ఇది పాత పాఠమే. మేతలో మాలిబ్డినం ఎక్కువైతే ఆవుకు రాగి అందదు, నల్ల వెంట్రుక రంగు వెలిసిపోతుంది. అంటే ఒక ఖనిజం ఎంత ఉందన్నది ఒక్కటే చూస్తే సరిపోదు, పక్కన ఏముందో కూడా చూడాలి. (అన్నట్టు, మీకు గొర్రెలుంటే ఆవుల కోసం చేసిన మినరల్ మిక్చర్ వాటికి పెట్టకండి. గొర్రె ఒంటికి రాగిని బయటికి పంపడం సరిగ్గా చేతకాదు, అది కాలేయంలో చేరి చేరి ఒక రోజు గొర్రె చచ్చిపోతుంది. ఇలా పోయిన మందలు చూశాను.)

మేక, గొర్రె అయితే ఎక్కడ మేసిందో, ఏ నీళ్లు తాగిందో కొంతైనా తెలుస్తుంది. అడవి జంతువుకు ఆ లెక్క ఎవరు చెప్తారు? జర్మనీలో ఇప్పటికీ కొన్ని ప్రాంతాల్లో వేటాడిన అడవిపందిని పరీక్ష చేయందే అమ్మనివ్వరు. 1986లో చెర్నోబిల్ ప్రమాదం తర్వాత అక్కడి మట్టిలో పడ్డ రేడియోధార్మిక సీజియం, నేలలోపల పెరిగే పుట్టగొడుగుల్లోకి చేరింది. పందులు వాటిని తవ్వుకుని తింటాయి. కిలోకు 600 బెకరెల్స్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) దాటితే మాంసం పారేయాల్సిందే. మన అడవిలో అలా ఉందని కాదు. అడవిది కాబట్టి శుభ్రమైనదే అన్న నమ్మకానికి ఆధారం లేదని చెప్తున్నా.

నాకు అన్నిటికన్నా భయం సీసం గురించి.

మీ దగ్గర అమ్మే అతను దుప్పిని ఎలా చంపాడో అడిగారా? నాటు తుపాకీతో అయితే అందులో సీసం గుండ్లే పోసి ఉండే అవకాశం ఎక్కువ. సీసం మెత్తటి లోహం. బొక్కకు తగలగానే తునాతునకలై, కంటికి కనిపించనంత పొడిగా మారి, గాయం నుంచి జానెడు దూరం దాకా కండలో చెదిరిపోతుంది. గుండు తగిలిన చోట ముక్క కోసి పారేస్తే సరిపోదు, నమిలితే పంటికి తగలదు, కడిగితే పోదు. పైగా మనం చింతపండు పులుసు పోసి ఉడికిస్తాం. పులుపులో సీసం ఇంకా బాగా కరుగుతుంది. తల్లి తిన్న సీసం మాయ దాటి బిడ్డకు చేరుతుంది, ఎదిగే మెదడును దెబ్బ తీస్తుంది. ఇంత తింటే ఫరవాలేదనే హద్దు సీసానికి లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంటోంది. వేట చట్టబద్ధమైన జర్మనీలో సైతం, సీసం గుండుతో కొట్టిన వేటమాంసం గర్భిణులు, చిన్నపిల్లలు, గర్భం కోరుకునే ఆడవాళ్లు తినొద్దని ప్రభుత్వ సంస్థే చెప్పింది.

ఇంకో సంగతి కూడా గుర్తుంచుకోండి. ఒంట్లో రక్తం తయారయ్యేటప్పుడు ఐరన్‌ను పట్టి హిమోగ్లోబిన్‌లో కూర్చే ఎంజైములు కొన్ని ఉంటాయి. సీసం సరిగ్గా వాటినే ఆపుతుంది. సీసం ఎక్కువైతే వచ్చే జబ్బుల్లో రక్తహీనత ఒకటి. రక్తం పట్టాలని తెచ్చిన కూరే రక్తం పట్టకుండా చేయొచ్చు.

తుపాకీ కాదు, ఉచ్చు అంటారా, అప్పుడు పైన చెప్పిన నల్ల మాంసం. విషం పెట్టారా, ఆ మందేమిటో అమ్మేవాడు చెప్పడు. కరెంటు తీగ అయితే, ఆ తీగకు పంది ఒక్కటే చావదు. రాత్రి మోటరు వేయడానికి పోయిన రైతులు పక్క చేను తీగ తగిలి పోయిన వార్త ఏటా పేపర్లో చూస్తూనే ఉన్నాం. ఆ కూర కొంటే ఆ తీగకు మనం కూడా డబ్బు కట్టినట్టే.

చట్టం సంగతి మీకు తెలిసే ఉంటుంది, అందుకే 'గుట్టుగా' అని రాశారు. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద వేటే కాదు, ఆ మాంసం కొనడం, దగ్గర ఉంచుకోవడం కూడా నేరమే. మూడేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, రెండూ పడొచ్చు. నారాయణపేట, మక్తల్ వైపు తిరిగే కృష్ణజింక లాంటి మొదటి షెడ్యూలు (చట్టం అన్నిటికన్నా గట్టిగా కాపాడే జాబితా) జంతువైతే జైలు మూడేళ్లకు తక్కువ ఉండదు, ఏడేళ్ల దాకా వెళ్తుంది. చేను పాడు చేసే పందినైనా అధికారుల అనుమతి లేకుండా చంపకూడదు, అనుమతితో చంపినా తినడానికి ఇవ్వరు, పాతిపెట్టిస్తారు. చెంచులు తినలేదా అంటారేమో. తిన్నారు, తరతరాలుగా అది వాళ్ల బతుకు. 2006 అటవీ హక్కుల చట్టం తేనె, గడ్డల మీద హక్కు ఇచ్చింది కానీ వేటాడే హక్కు మాత్రం వాళ్లకు కూడా ఇవ్వలేదు. అది న్యాయమా కాదా అన్నది పెద్ద చర్చ. మనకూ వాళ్లకూ పోలిక మాత్రం తేకండి.

మీ అమ్మగారిని తప్పుపట్టకండి. ఆమె చూసింది ఆమె చెప్పింది. ఆ రోజుల్లో ఇంట్లో మాంసం ఎన్నాళ్లకొకసారి వండేవాళ్లో అడిగి చూడండి. పండక్కో, మొక్కుకో. అలాంటి ఒంటికి నెలలు నిండే ఆడమనిషి కోసమని వారం పాటు ఏ మాంసం పెట్టినా తేడా కనిపిస్తుంది. ఆమెకు ఒంట పట్టింది దుప్పి అన్న పేరు కాదు, కూర. పైగా అప్పుడు రక్తం ఎంతుందో ఎవరూ కొలవలేదు.

సరే, ఏం పెట్టాలి? తిల్లి (ప్లీహం) పెట్టండి. మటన్ కొట్టుకు పొద్దున్నే పోతే దొరుకుతుంది, ఆలస్యమైతే ఎవరో తీసుకుపోతారు. పాత రక్తకణాలు విరిగే చోటు అదే కాబట్టి ఐరన్ అక్కడ గుట్టగా ఉంటుంది. గొర్రెపిల్ల తిల్లిలో 100 గ్రాములకు 42 మిల్లీగ్రాముల దాకా ఉంటుందని అదే అమెరికా పట్టిక. దుప్పి కంటే పన్నెండు రెట్లు. అందులో కొంత నిల్వ రూపంలో ఉండే ఐరన్, మాంసంలోని ఐరన్ అంత తేలిగ్గా ఒంటికి పట్టదు, అయినా ఎక్కువే. ఉప్పు, పసుపు వేసి బాగా ఉడికించి, ఉల్లిగడ్డతో మిరియాలతో వేయించి, దించాక నిమ్మకాయ పిండండి. నిప్పుల మీద కాల్చి సగం పచ్చిగా పెట్టే అలవాటు మాత్రం కడుపుతో ఉన్నప్పుడు వద్దు. వారానికి రెండుసార్లు, కొంచెం కొంచెం చాలు.

కార్జం (కాలేయం) గురించి జాగ్రత్త. ఐరన్ బాగానే ఉంటుంది, 7 మిల్లీగ్రాములకు పైనే. కానీ అందులో విటమిన్ ఏ మరీ ఎక్కువ, అది అతిగా అయితే కడుపులో బిడ్డకు మంచిది కాదు. కాన్పు అయ్యాక తినొచ్చు. నల్ల (రక్తం కూర) కూడా ఇప్పుడు వద్దు, ఆ రక్తం ఎలా పట్టారో, ఎంతసేపు ఉంచారో మనకు తెలియదు. బొక్కల చారు నోటికి రుచి, అంతే, దాంట్లో ఐరన్ లెక్కలోకి రాదు. అడవి రుచే కావాలంటే ఫారంలో పెంచిన కౌజు పిట్ట తెచ్చుకోండి, దానిలో ఐరన్ 4 మిల్లీగ్రాముల దాకా ఉంటుంది, దుప్పిని మించిపోయింది. వల వేసి పట్టిన పూరేడు పిట్ట కాదు సుమా. ఈము పక్షి మాంసంలో కూడా ఐరన్ బాగానే ఉండేది, కానీ పదిహేనేళ్ల కింద ఈము ఫారాలు పెట్టి మునిగిన రైతుల ముందు ఆ మాట ఎత్తే ధైర్యం నాకు లేదు. బీట్‌రూట్ రసం తాగిస్తున్నారేమో, ఎర్రగా ఉన్నంత మాత్రాన అది రక్తం కాదు, అందులో ఒక మిల్లీగ్రాము ఐరన్ కూడా ఉండదు.

ఇదంతా మాత్రకు తోడే, మాత్రకు బదులు కాదు. కడుపుతో ఉన్నవాళ్లకు 11 కన్నా తక్కువైతే రక్తహీనత, 7 నుంచి 10 లోపు అంటే మధ్యస్తం. మీ భార్యది 8.6. దవాఖానలో ఇచ్చే ఎర్ర మాత్రలో 60 మిల్లీగ్రాముల ఐరన్ ఉంటుంది. మాత్రలోని ఐరన్‌లో పదో వంతే ఒంటికి పట్టిందనుకున్నా 6 మిల్లీగ్రాములు. మాంసంలో ఐరన్ ఇంకా బాగా పడుతుంది, నాలుగో వంతు పట్టిందనుకుందాం. ఒక్క మాత్రకు సరితూగాలంటే రోజూ 700 గ్రాముల దుప్పి కూర తినాలి. ఆమె దశలో రోజుకు రెండు మాత్రలు చెప్తారు. ఐదో నెల మనిషికి రోజూ కిలోన్నర కూర ఎవరు తినిపిస్తారు?

దొడ్డికి నల్లగా రావడం చూసి భయపడొద్దు. ఒంటికి పట్టని ఐరన్ అలా బయటికి పోతుంది, అది మామూలే. కడుపులో తిప్పడం నిజమైన ఇబ్బంది. మాత్ర పరగడుపున వేసుకుంటుంటే అన్నం తిన్నాక వేసుకోమనండి, లేదా రాత్రి పడుకునేముందు. అప్పటికీ తిప్పితే డాక్టరమ్మను అడిగితే మాత్ర మారుస్తారు, మానేయడం మాత్రం వద్దు. కాల్షియం మాత్ర, ఐరన్ మాత్ర ఒకేసారి మింగితే ఒకదాన్ని ఒకటి అడ్డుకుంటాయి, రెండు గంటలు ఎడం ఉండాలి. అన్నం తిన్న వెంటనే చాయ్ తాగితే ఐరన్ పట్టదు. మన ఇళ్లల్లో ఈ చాయ్ మాన్పించడమే అన్నిటికన్నా కష్టం, నా అనుభవం. నులిపురుగుల మాత్ర వేశారో లేదో కూడా అడగండి. పురుగులు ఉంటే ఎంత పెట్టినా కారిపోయే కుండలో నీళ్లు పోసినట్టే. అంగన్‌వాడీలో ఇచ్చే భోజనం, గుడ్డు, పాలు సిగ్గుపడకుండా తెచ్చుకోండి.

నెల రోజులు ఇలా చేసి మళ్లీ పరీక్ష చేయించండి. ఆ నెలలో కనీసం 1 పెరగాలి, అంటే 9.6 దగ్గరికి రావాలి. పెరగకపోతే ఆలస్యం చేయకుండా నల్గొండ పెద్దాసుపత్రికి తీసుకుపోండి, అక్కడ నరంలోకి ఐరన్ ఎక్కించే సూదులున్నాయి. రిపోర్టు చేతికి వచ్చాక నాకు ఒక ముక్క రాయండి, ఆ అంకె ఎంత ఉందో తెలుసుకోవాలని నాకూ ఉంది.